‘బిల్లు రాలేదు’ అంటే చట్టం ఒప్పుకోదు: కాంట్రాక్టు జీతాలకు ఆఫీసు కూడా బాధ్యురాలే

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం.. ఈ మూడు ఊళ్లలో సర్కారు పని చేస్తున్న చాలామందివి సర్కారు ఉద్యోగాలు కావు. ఆసుపత్రిలో శానిటేషన్, సెక్యూరిటీ, తాగునీటి పంపుల దగ్గర డ్యూటీ, రైల్వే స్టేషన్‌లో క్లీనింగ్. పని ప్రభుత్వానిది, జీతం ఇచ్చేది కాంట్రాక్టర్. మన మొహల్లాల నుంచి ఈ పనులకు పోయేవాళ్లు తక్కువేం కాదు. జీతం ఆగినప్పుడు వాళ్లకు వినిపించే జవాబు ఒక్కటే: “పైనుంచి బిల్లు రాలేదు.” కాంట్రాక్టర్‌ను అడిగితే ఆఫీసు వైపు చూపిస్తాడు, ఆఫీసులో అడిగితే కాంట్రాక్టర్‌ను అడగమంటారు. రంజాన్ నెల వచ్చినా, పిల్లల స్కూల్ ఫీజు గడువు దాటినా ఇదే మాట.

ఇది మన జిల్లాకు కొత్త కాదు. పీఏబీఆర్ నుంచి హిందూపురం దాకా నీళ్లు తెచ్చే శ్రీరామరెడ్డి తాగునీటి పథకం కార్మికులు జీతాల బకాయిల కోసం గత కొన్నేళ్లలో పలుమార్లు సమ్మెకు దిగారు. మోటార్లు ఆగితే వందలాది ఊళ్లలో కుళాయిలు ఆగుతాయి. అప్పుడు అధికారులు కదులుతారు, కొంత బకాయి విడుదలవుతుంది, కొన్ని నెలలకు మళ్లీ మామూలే. జీతం కోసం ప్రతిసారీ నీళ్లు ఆపాల్సి రావడం కార్మికుడికీ, బిందె పట్టుకుని నిలబడే ఇంటికీ నష్టమే.

అసలు చట్టం ఏం చెబుతోంది? 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టంలోని 21వ సెక్షన్‌లోనే ఇది స్పష్టంగా ఉండేది. జీతం ఇవ్వాల్సింది కాంట్రాక్టర్. ఇవ్వకపోతే పని చేయించుకున్న సంస్థ, అంటే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, ఇవ్వాలి. ఆ తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి. బిల్లు వచ్చిందా లేదా అన్నది ఆ ఇద్దరి మధ్య లెక్క, కార్మికుడికి దాంతో సంబంధం లేదు.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పై సూత్రం వాటిలోనూ ఉంది. కాంట్రాక్టర్ కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ నుంచి జీతాలు ఇప్పించే వీలు కూడా పెట్టారు. అయితే ఒక మెలిక ఉంది. 1970 చట్టంలో 20 మంది అన్న పరిమితిని కొత్త కోడ్ కాంట్రాక్టు నిబంధనల కోసం 50కి పెంచింది. పెనుకొండ లాంటి చిన్న ఊళ్లో 25, 30 మందితో నడిచే కాంట్రాక్టులు దీని బయటే ఉండిపోతాయి. వాళ్లకు దిక్కు వేతనాల కోడ్. దానికి మనుషుల సంఖ్యతో పని లేదు. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే సంస్థ యజమాని బాధ్యత వహించాలని దాని 43వ సెక్షన్ అంటుంది.

ఈ వేతనాల కోడ్‌లో కార్మికులకు పనికొచ్చే మాటలు ఇంకా ఉన్నాయి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు పడాలి. పే స్లిప్ ఇవ్వాలి. బకాయి మీద క్లెయిమ్ వేయడానికి గడువు 3 ఏళ్లు. ఇదివరకు కనీస వేతనం తేడాకు 6 నెలలే ఉండేది. అసలు బకాయితో పాటు దానికి 10 రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఉంది. జీతం ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది కూడా యజమానే.

ఇక కోతల లెక్క. ఉదాహరణకు జీతం 12,000 అనుకుందాం. మన వంతు పీఎఫ్ 12 శాతం, అంటే 1,440. ఈఎస్‌ఐ 0.75 శాతం, అంటే 90. చేతికి 10,470 రావాలి. యజమాని వంతు పీఎఫ్, 3.25 శాతం ఈఎస్‌ఐ కూడా మన జీతంలోనే కోస్తే చేతికి వచ్చేది 8,640. ఇలా కోయడం చట్టవిరుద్ధం. కోసిన డబ్బు అసలు కట్టారా లేదా అన్నది ఉమంగ్ యాప్‌లో యూఏఎన్ నంబర్‌తో పాస్‌బుక్ తెరిస్తే నెలవారీగా తెలుస్తుంది.

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలన్నదీ ముఖ్యమే. మున్సిపాలిటీ, ఆసుపత్రి, నీటి పథకం పనులైతే రాష్ట్ర కార్మిక శాఖకు ఇవ్వాలి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ పెట్టవచ్చు. ధర్మవరం జంక్షన్ లాంటి చోట రైల్వే కాంట్రాక్టులో పని చేసేవాళ్లు మాత్రం కేంద్ర కార్మిక శాఖ అధికారులకు ఇవ్వాలి. ఇది తెలియక తప్పు ఆఫీసు చుట్టూ తిరిగి నెలలు పోగొట్టుకుంటారు. హాజరు పట్టీ ఫొటో, ఐడీ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్, సూపర్‌వైజర్ పంపిన వాట్సాప్ మెసేజ్‌లు దాచి పెట్టుకోవాలి. ఒక్కరే వెళ్లడానికి భయమైతే రిజిస్టర్ అయిన యూనియన్ కూడా క్లెయిమ్ వేయవచ్చు.

కాంట్రాక్టర్లలోనూ మనవాళ్లు ఉన్నారు. బిల్లు ఆలస్యమైతే వాళ్లకూ ఇబ్బందే, కాదనడం లేదు. కానీ చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న బోధన వినని ఇల్లు మనలో లేదు. రెండు మూడు నెలల జీతాలు పెట్టుకునే స్తోమత లేనప్పుడు టెండర్ వేయకపోవడమే మేలు. ఆఫీసులు కూడా తక్కువ కోట్ చేశాడని పని అప్పజెప్పి చేతులు దులుపుకోకూడదు. ఆ రేటులో కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ సరిపోతాయా అన్నది టెండర్ తెరిచిన రోజే లెక్కేయవచ్చు. గత నెల జీతాలు పడినట్టు బ్యాంకు రుజువు, పీఎఫ్ చలానా చూశాకే బిల్లు పాస్ చేస్తే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. బిల్లు మీద సంతకం పెట్టే అధికారి ఆ రెండు కాగితాలు అడిగితే చాలు.