మన పిల్లలకు చలి అలవాటేనట!



డిసెంబర్ వచ్చిందంటే చాలు, లంబసింగి ఫోటోలతో ఫోన్లు నిండిపోతాయి. పొగమంచు, టెంట్లు, క్యాంప్ ఫైర్, మధ్యలో చేతులు చాచి నిలబడ్డ టూరిస్టు. దానికి "ఆంధ్రా కాశ్మీర్" అని పేరు కూడా పెట్టేశారు. మన పెద్దోళ్లు పిలిచే పేరు వేరే ఉంది: కొర్రబయలు. రాత్రి బయట ఉండిపోయినోడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు. చలి ఒక్కటే. వాళ్లకు అది వినోదం, మనకు అది ప్రాణభయం.

తెలంగాణలో కూడా అంతే. తిర్యాణి మండలం గిన్నెధరి, సిర్పూర్ (యు) పేర్లు ఏడాదికోసారి చలికాలంలోనే టీవీలో వినపడతాయి. "రాష్ట్రంలోనే అత్యల్ప ఉష్ణోగ్రత" అని చదివేసి తర్వాతి వార్తకు పోతారు. ఆ రాత్రి అక్కడి హాస్టల్లో పిల్లలు ఎలా పడుకున్నారో ఎవరూ అడగరు.

మీకు తెలుసు. మీలో చాలామంది నాలాగే ఆశ్రమ పాఠశాలల్లో చదివినోళ్లే. గచ్చు మీద పల్చటి చాప. ఇద్దరు పిల్లలు కలిసి ఒకరి దుప్పటి కింద పరిచి, ఇంకొకరిది పైన కప్పుకోవడం. రెక్క ఊడిన కిటికీకి గోనె సంచి. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని తెల్లారేదాకా ఎదురుచూపు. పొద్దున్నే చన్నీళ్లు. దీన్ని చదువు అంటారా, శిక్ష అంటారా?

అడిగితే ఒక్కటే జవాబు: "ఏజెన్సీ పిల్లలు కదా, వాళ్లకు చలి అలవాటే."

ఈ మాటను ఇక ఊరికే వదలొద్దు. మనిషి ఒళ్లు ఎక్కడైనా 37 డిగ్రీల దగ్గరే ఉండాలి. మైదానం పిల్లకైనా, మన్యం పిల్లకైనా. మనవాళ్లు చలికి అలవాటు పడి ఊరుకోలేదు, చలిని ఎదిరించే ఇల్లు కట్టుకున్నారు. మందపాటి మట్టి గోడలు, గడ్డి కప్పు, ఇంట్లో రాత్రంతా నివురు కింద నిప్పు దాచుకునే పొయ్యి, దాని పక్కన అవ్వ, అవ్వ పక్కన మనవలు. అలవాటైపోయి ఉంటే ఆ పొయ్యి ఎందుకు? ఆ పొయ్యి పక్క నుంచి పిల్లను లేపి తీసుకెళ్లి సిమెంటు గచ్చు మీద పడుకోబెట్టింది ప్రభుత్వం. కాబట్టి ఆ పిల్లకు వెచ్చదనం ఇచ్చే బాధ్యత కూడా ప్రభుత్వానిదే.

ఇంకో సంగతి. మన జాతుల్లో సికిల్ సెల్ ఎక్కువ. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, కొడవలిలా వంగిన కణాలు అడ్డం పడతాయి, ఎముకలు కొరికేసే నొప్పి మొదలవుతుంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు. 2047 లక్ష్యమట. మంచిదే. కానీ పరీక్ష చేసి చేతికి కార్డు ఇచ్చిన పిల్లనే రాత్రికి గచ్చు మీద పడుకోబెడితే ఆ కార్డు ఏం చేసుకోవాలి? కప్పుకోవాలా?

"దుప్పట్లు ఇస్తున్నాం కదా" అంటారు. ఎప్పుడు? బడి తెరిచేది జూన్‌లో. చలి ఏ నెలలో వస్తుందో అందరికీ తెలుసు. సంక్రాంతి దాటాక వచ్చే దుప్పటి ఫోటోకే పనికొస్తుంది. దాతలు ఇచ్చినా కాదనం, దండం పెడతాం. కానీ హక్కుగా రావాల్సింది దానంగా వస్తే, వచ్చే ఏడాది మళ్లీ చెయ్యి చాచాల్సిందే.

మనం అడిగేది పెద్ద కోరికేం కాదు. దీపావళికి ముందే పిల్లకు రెండు మందపాటి రగ్గులు. గచ్చుకు ఒళ్లు తగలకుండా మంచం, పరుపు. కిటికీలకు రెక్కలు. వేడినీళ్లు. సికిల్ సెల్ పిల్లలకు ఇవన్నీ మొదట.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వారమే మీ ఊరి పక్క హాస్టల్‌కు తల్లిదండ్రులను తీసుకుని వెళ్లండి. రాత్రి పిల్లలు పడుకునే చోటు చూడండి. మంచాలు, రగ్గులు, కిటికీ రెక్కలు లెక్కపెట్టి రాసుకోండి. ఆ లెక్కతో అర్జీ పెట్టండి, రశీదు తీసుకోండి.

అప్పటిదాకా చేతిలో ఉన్నది చెయ్యండి. చలి కింద నుంచి కూడా వస్తుంది, కాబట్టి చాప కింద ఎండుగడ్డి గానీ గోనె సంచులు గానీ పరిపించండి. దుప్పట్లు పగలు ఎండలో వెయ్యమనండి, చెమ్మ దుప్పటి చలిని ఆపదు. చలని నీళ్లు తాగడం మానేస్తే సికిల్ సెల్ నొప్పి పెరుగుతుంది, గోరువెచ్చని నీళ్లు తాగించండి. ఒక్కటి మాత్రం చెయ్యనివ్వొద్దు: తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మన పాత ఇళ్లలో కప్పు సందుల్లోంచి పొగ పోయేది. స్లాబు గదికి ఆ దారి లేదు.

మన కొండల చలిని చూడ్డానికి వచ్చేవాళ్లకు రోడ్లు, రిసార్టులు సిద్ధమవుతున్నాయి. ఆ చలిలోనే పుట్టిన పిల్లకు ఒక మంచం, రెండు రగ్గులు అడుగుతున్నాం. ఇచ్చేదాకా అడుగుతూనే ఉంటాం.

జై ఆదివాసీ!