ద్వీపంలో వేళ తెలిసి మసలుకుందాం

సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్న కొద్దీ ఎన్నో ఇళ్ళలో ప్రయాణపు మాటలు మొదలవుతాయి. ఇటీవలి కాలంలో మన కుటుంబాలు అండమాన్ దీవుల వైపు మొగ్గు చూపుతున్నాయి. అక్కడ ఏమి చూడాలి, పిల్లలను ఏ నీటిలో దింపవచ్చు, నమాజు ఎట్లా, భోజనం ఎట్లా అన్న ప్రశ్నలు తరచుగా వినిపిస్తున్నాయి. చూడదగిన స్థలాల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. ఏ పని ఏ వేళకు చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. అండమాన్‌లో సెలవు ఆనందంగా గడవడం, అలసటగా మిగలడం చాలావరకు ఆ ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉంటుంది.

కారణం సులభంగానే బోధపడుతుంది. ఆ దీవులు మన తీరానికి తూర్పున చాలా దూరంలో, మనకంటే బర్మాకు దగ్గరగా ఉన్నాయి. గడియారం మాత్రం మనదే. జనవరి నడిమిలో హైదరాబాదులో సూర్యుడు ఉదయం 6.50 ప్రాంతంలో ఉదయించి సాయంత్రం 6 గంటల ప్రాంతంలో అస్తమిస్తాడు. అదే రోజున పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన ఆ పట్టణంలో, సూర్యోదయం 5.45 ప్రాంతంలోనూ, సూర్యాస్తమయం 5.15 ప్రాంతంలోనూ అవుతుంది. ఫజ్ర్ వేళ సుమారు నాలుగున్నరకే ప్రవేశిస్తుంది. పదకొండున్నర అయ్యేసరికి జుహ్ర్ వేళ వచ్చేస్తుంది. అసర్ కూడా అదే లెక్కన ముందుకు జరుగుతుంది. ఇంటి అలవాటు ప్రకారం తొమ్మిదింటికి లేచి, పదింటికి అల్పాహారం ముగించి, పదకొండింటికి బయలుదేరిన కుటుంబానికి ఎండ నడినెత్తిన ఎదురవుతుంది. కాస్త తిరిగేసరికి చీకటి పడుతుంది. తరువాత సెలవంతా హోటలు గదిలోనే గడిచిపోయిందని చింతించడం వల్ల ప్రయోజనం లేదు.

కనుక అక్కడ చేయవలసిన మొదటి పని త్వరగా నిద్రించి త్వరగా లేవడం. ఫజ్ర్‌కు లేచే ఇంటికి ఇది కొత్త పాఠం కాదు. నమాజు ముగించి బయటికి వస్తే సముద్రం సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది, తీరాలలో జనం పలుచగా ఉంటారు. నీటికి సంబంధించిన పనులన్నిటికీ అదే తగిన వేళ. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే 2018 వరకు హేవ్‌లాక్ అని పిలిచిన దీవిలో, ఎలిఫెంట్ బీచ్ దగ్గర ముఖానికి అద్దం పెట్టుకుని, గొట్టంతో శ్వాస తీసుకుంటూ నీటిపై తేలుతూ పగడపు దిబ్బలను చూడవచ్చు. దీనినే స్నార్కెలింగ్ అంటారు. ఈత రానివారిని కూడా శిక్షకుడు చేయి పట్టుకుని తీసుకువెళతాడు. నీటిలో దిగడానికి జంకేవారికి పోర్ట్ బ్లెయిర్ ఎదుట ఉన్న నార్త్ బే వద్ద అడుగున అద్దం అమర్చిన పడవలు ఉన్నాయి. దాదీ, నానీలు సైతం దుస్తులు తడవకుండా కూర్చుని రంగురంగుల చేపలను తిలకించవచ్చు.

ఇక్కడ ఇంటి పెద్దలకు ఒక మాట మనవి చేయాలి. సముద్ర తీరాలలో ఒక దృశ్యం తరచుగా కంటపడుతుంది. తండ్రి, కొడుకులు నీటిలో కేరింతలు కొడుతుంటారు. తల్లి ఒడ్డున చెప్పులకు, సంచులకు కాపలా కాస్తూ ఉంటుంది. ఇంటిలో సంవత్సరమంతా అందరికంటే ముందు లేచి అందరికంటే ఆలస్యంగా పడుకునే ఆమెకు సెలవు రాకపోతే ఇది కుటుంబ సెలవు ఎట్లా అవుతుంది? శరీరమంతా కప్పే ఈత దుస్తులు నేడు బజారులో దొరుకుతున్నాయి. తెల్లవారి జనం లేని తీరాన్ని ఎంచుకుని, ఒక గంట పిల్లల బాధ్యత తండ్రి స్వీకరిస్తే, ఆ ఇల్లాలు కూడా అలలను అనుభవిస్తుంది. ఆ గంట ప్రయాణపు ఖర్చులో చేరదు, అయినా అన్నిటికంటే విలువైన కానుక అదే.

పగడం రాయి కాదని పిల్లలకు ముందుగానే చెప్పండి. అతి చిన్న ప్రాణులు తరతరాలుగా కట్టుకున్న ఇళ్ళ సముదాయం అది. దానిపై ఒక్కసారి కాలు మోపితే అనేక సంవత్సరాల పెరుగుదల విరిగిపోతుంది. నీటిలో ఉన్నప్పుడు నిలబడాలని ప్రయత్నించకుండా తేలుతూ ఉండాలి. ఒడ్డున కనిపించే పగడపు ముక్కలను, గవ్వలను ఏరి తెచ్చుకోవడం కూడా తగదు. పగడాలతో పాటు అనేక రకాల గవ్వలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసినప్పుడు అవి బయటపడితే చిక్కులు తప్పవు.

సముద్రానికి మరొక వేళ కూడా ఉంది, అదే ఆటుపోట్లు. నీరు రోజుకు రెండు సార్లు పెరిగి, రెండు సార్లు తగ్గుతుంది. ఈ వేళలు ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కు జరుగుతాయి. నెలవంకను చూసి మాసాన్ని ఆరంభించే మనకు ఈ లెక్క సులభంగా అర్థమవుతుంది. చాంద్రమాసపు తొలి రోజులలోనూ, పున్నమి చుట్టుపక్కల రోజులలోనూ పోటు ఎక్కువగా ఉంటుంది, ఆటు కూడా అంతే లోతుగా వెనక్కు పోతుంది. షహీద్ ద్వీప్‌లో, అంటే పూర్వపు నీల్ దీవిలో, అలల తాకిడికి వంతెన ఆకారంలో మిగిలిన ఒక సహజ శిల ఉన్నది. నీరు తగ్గిన వేళలోనే దాని వద్దకు నడిచి వెళ్ళగలం. అప్పుడు రాళ్ళ మధ్య గుంటలలో చిక్కుకున్న చిన్న చేపలు, పీతలు, నక్షత్ర చేపలు పిల్లలకు ప్రదర్శనశాలలా కనిపిస్తాయి. పోటు వేళలో వెళితే కనిపించేది నీరే. హోటలువారిని అడిగితే ఆనాటి ఆటు ఎన్ని గంటలకో చెబుతారు.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. ఆ దీవుల కాలువలలో, మడ అడవులలో, కొన్ని తీరాలలో ఉప్పునీటి మొసళ్ళు సంచరిస్తాయి. హెచ్చరిక పలకలు ఉన్న చోట, వాగు సముద్రంలో కలిసే చోట నీటిలో దిగకూడదు. వల కట్టిన హద్దు లోపల, లైఫ్‌గార్డు ఉన్న తీరంలో, వెలుతురు ఉన్నంతసేపే స్నానం చేయాలి. మరొక సంగతి కూడా ప్రతి బిడ్డకూ తెలిసి ఉండాలి. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ దీవులను తీవ్రంగా దెబ్బతీసింది. భూమి బలంగా కంపించినా, సముద్రం అకస్మాత్తుగా దూరంగా వెనక్కు పోయినా, చూస్తూ నిలబడకుండా వెంటనే ఎత్తైన చోటికి పరుగెత్తాలి. ఈ ఒక్క మాట నేర్పడానికి రెండు నిమిషాలు చాలు.

ఎండ ముదిరిన తరువాత నీటిలో ఉండడం మంచిది కాదు. జుహ్ర్, భోజనం, విశ్రాంతి ఈ మూడింటికీ ఆ సమయాన్ని కేటాయించండి. హనఫీ మజ్‌హబ్ ప్రకారం, ఒక్క చోట 15 రోజులు లేదా అంతకు మించి ఉండే ఉద్దేశం లేని ప్రయాణికుడు నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులను రెండుగా చేసుకుంటాడు. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే మాత్రం పూర్తిగానే చదవాలి. ఖిబ్లా అక్కడ పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. మాంసం విషయంలో హోటలువారిని అడిగి తెలుసుకోవడం అవసరం. అనుమానం ఉంటే తాజా చేపలు సమృద్ధిగా ఉన్నాయి, వాటికి జబహ్ అవసరం లేదు. పీతల విషయంలో హనఫీలకు, షాఫయీలకు అభిప్రాయ భేదం ఉన్నది. అక్కడి ముస్లిములలో మలబారు నుండి వచ్చిన షాఫయీలు ఎందరో ఉన్నారు. పక్క పళ్ళెంలో పీత కనిపించినంత మాత్రాన వాదానికి దిగనక్కరలేదు.

ఆ మలబారు ముస్లిములు అక్కడికి ఎట్లా చేరారన్నది పిల్లలకు చెప్పవలసిన కథ. 1921 మలబారు తిరుగుబాటు తరువాత శిక్ష పడిన మాప్పిళ్ళలను బ్రిటిషు ప్రభుత్వం అండమాన్‌కు పంపింది. దక్షిణ అండమాన్‌లో నేటికీ కాలికట్, మంజేరి, తిరూర్, మన్నార్‌ఘాట్ అన్న పేర్లతో గ్రామాలు ఉన్నాయి. విడిచి వచ్చిన ఊరి పేరును వారు కొత్త మట్టికి పెట్టుకున్నారు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఒక పూట సెల్యులర్ జైలుకు కేటాయించండి. 1896లో నిర్మాణం ఆరంభమై 1906లో పూర్తయిన ఈ కారాగారంలో నడిమి గోపురం నుండి ఏడు కొమ్మలు చక్రపు ఆకుల్లా విస్తరించి ఉండేవి. ఒక కొమ్మలోని గది ముఖం మరొక కొమ్మ వీపు వైపు ఉండేటట్లు కట్టారు. ఖైదీకి మరొక మనిషి ముఖం కనిపించకూడదన్నదే దాని ఉద్దేశం. నేడు మూడు కొమ్మలే మిగిలాయి. సాయంత్రం ధ్వని, కాంతి ప్రదర్శన ఉంటుంది. సెలవు దినాలను, ప్రదర్శన వేళలను ముందుగా విచారించుకుని వెళ్ళండి.

అయితే అండమాన్ కథ ఈ జైలుతో మొదలు కాలేదు. 1857 పోరాటం తరువాత, 1858 మార్చిలోనే తొలి ఖైదీలను అక్కడ దించారు. అప్పటికి ఈ గోడలు లేవు. చుట్టూ ఉన్న సముద్రమే గోడ. ప్రసిద్ధ విద్వాంసుడు మౌలానా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ ఆ విధంగానే అక్కడికి చేరి, 1861లో అక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి ఆ దీవిలోనే ఉన్నది. మన తెలుగు నేలకు చెందిన పేరు మరొకటి ఉన్నది. 1857 జులై 17న హైదరాబాదు కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ సయ్యద్ అలావుద్దీన్‌కు ద్వీపాంతర శిక్ష పడింది. ఆయన కూడా తిరిగి రాలేదు. మక్కా మసీదును, చార్మినార్‌ను చూసిన కన్నులు ఆ తీరంలోనే మూతపడ్డాయి. ఇద్దరూ ఈ జైలు నిర్మాణానికి ముందే గతించారు కనుక, దాని గదులలో వారి కోసం వెదకడం సరి కాదు. తీరాన నిలబడి, వారి మన్ననకై ఒక్క దుఆ చేయండి. మనం టిక్కెట్టు కొని, తిరుగు ప్రయాణపు తేదీ నిర్ణయించుకుని వెళ్ళే చోటికి వారు తేదీ లేకుండా వెళ్ళారని ఎదిగిన పిల్లలకు చెబితే, ఆ నీరు వారికి మరో విధంగా కనిపిస్తుంది.

ఎదురుగా ఉన్న రాస్ దీవి, నేటి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీప్, ఆ పాలకుల నివాస స్థలం. విందులు జరిగిన భవనాలను నేడు మర్రి ఊడలు చుట్టుకున్నాయి. జింకలు, నెమళ్ళు స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. జైలును, ఈ దీవిని రెండింటినీ చూసిన పిల్లవాడికి అధికారం ఎంత కాలం నిలుస్తుందో ఉపన్యాసం చెప్పనవసరం లేదు.

బారాటాంగ్‌లోని సున్నపురాతి గుహలు చూడాలనుకునేవారు రోడ్డు మార్గంలో వెళితే జారవా గిరిజనుల రక్షిత అడవి గుండా పోవాలి. నిర్ణీత సమయాలలో వాహనాలన్నిటినీ వరుసగా పంపుతారు. దారిలో ఆగడం, ఫోటోలు తీయడం, ఆహారం విసరడం నేరం. చట్టం మాట అటుంచి, మన ఇంటి స్త్రీలను, పిల్లలను ఒకరు బస్సు కిటికీ నుండి వేలెత్తి చూపుతూ చిత్రీకరిస్తే మనకు ఎట్లా ఉంటుంది? వారు అక్కడి గృహస్థులు, మనం వారి వాకిలి ముందు నుండి పోతున్న బాటసారులం. “జారవాలను చూద్దాం” అన్న మాటే పిల్లల ముందు రానివ్వకండి. గుహల దాకా పడవలో మడ అడవుల మధ్య సాగే ప్రయాణం దానికదే చాలినంత అందమైనది.

సాయంత్రానికి స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ తీరం తగినది. అది పడమరకు ముఖం చేసి ఉన్నది. సూర్యుడు నీటిలోకి దిగిపోయిన తరువాత, అదే దిక్కుకు మళ్ళి ఇసుకపై ఇంటిల్లిపాదీ సఫ్ కట్టి మగ్‌రిబ్ చదువుకునే అవకాశం మన తూర్పు తీరంలో దొరకదు. ముందుగానే వుజూ చేసుకుని, చాప వెంట తీసుకుని వెళ్ళండి. చంద్రుడు లేని రాత్రులలో అక్కడి కొన్ని తీరాలలో నీటిని కదిలిస్తే నీలి వెలుగు మెరుస్తుంది. కంటికి కనిపించని జీవుల కాంతి అది. దానిని చూడాలనుకునేవారు చాంద్రమాసపు చివరి రోజులను ఎంచుకోవాలి.

ఇక ఏర్పాట్లు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు అనుకూల కాలం. తరువాత వర్షాలకు సముద్రం అల్లకల్లోలమై పడవలు రద్దవుతుంటాయి. విశాఖపట్నం నుండి ఓడలు అరుదుగా ఉన్నా, రెండున్నర రోజుల ఆ ప్రయాణం తీరిక ఉన్నవారికి మరపురానిది. తక్కినవారికి విమానాలు ఉన్నాయి. ఆరు రోజుల సెలవులో పది చోట్లు పెట్టుకోకండి, రెండు దీవులు చాలు. అప్పు చేసి వెళ్ళవలసిన అవసరం అసలే లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువారు ఎందరో స్థిరపడ్డారు కనుక భాషకు ఇబ్బంది ఉండదు.

ద్వీపం మన కోసం తన వేళను మార్చుకోదు. సూర్యుడి వేళ, నీటి వేళ, నమాజు వేళ అక్కడ దగ్గర దగ్గరగా నడుస్తాయి. వాటి వెంట నడిచే కుటుంబానికి ఒకరితో ఒకరు గడపడానికి చాలినంత సమయం మిగులుతుంది. సెలవు కోరుకునేది కూడా అదే కదా! మీ ప్రయాణాలను అల్లాహ్ సుఖప్రదం చేయుగాక.