బొగ్గుబాయి పిల్లల చేతికి తెడ్డు ఇవ్వండి

రామగుండం, గోదావరిఖని, శ్రీరాంపూర్, మంచిర్యాల... ఈ బొగ్గు పట్టీ అంతా గోదావరిని ఆనుకునే ఉంది. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయంలో ఇరవై టీఎంసీల నీళ్లు నిలుస్తాయి. ఎన్టీపీసీ రిజర్వాయరు మీద వంద మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. తాగడానికి, సాగుకు, కరెంటుకు ఈ నీటిని వాడుకున్నాం, ఆటకు మాత్రం వాడుకోలేదు. సింగరేణి బొగ్గు సంస్థ క్వార్టర్లలో పెరిగే పిల్లలకు గోదారి అంటే పుష్కర స్నానం. లేదంటే ఈతకెళ్లి తిరిగిరాని ఎవరో పిల్లాడి వార్త. ఈ పరిస్థితి మారాలంటే సింగరేణి యాజమాన్యం ఇక్కడ రోయింగ్ శిక్షణ కేంద్రం పెట్టాలి.

బాయి పని చేసేవాళ్లకు పడవ పందేలేంటని అడిగేవాళ్లు ఇంగ్లండ్ చరిత్ర ఒకసారి చూడాలి. పడవ పందేన్ని అక్కడ పెద్ద ప్రజాక్రీడగా నిలబెట్టిన చోట్లలో టైన్ నదీతీరపు బొగ్గు ప్రాంతం ముందుంటుంది. గనుల దగ్గర బొగ్గు నింపుకొని, దాన్ని ఓడలకు చేరవేసే పడవ కార్మికులను కీల్‌మెన్ అనేవారు. అలాంటి ఇంట్లో 1812లో పుట్టిన హ్యారీ క్లాస్పర్ చిన్న వయసులోనే జారో గనిలో పనికి కుదిరాడు. తర్వాత పడవల తయారీ నేర్చుకున్నాడు. పగలు పని, సాయంత్రం సాధన. 1845లో సొంత కుటుంబీకులతో జట్టు కట్టి లండన్ వెళ్లి, థేమ్స్ రెగట్టా అనే పడవ పోటీల్లో అక్కడి మేటి జట్లను ఓడించి వచ్చాడు. తెడ్డును పడవ అంచుకు వెలుపల ఇనుప చట్రం మీద ఆనించే పద్ధతి పందెపు పడవల్లో స్థిరపడటంలో అతని పాత్ర ఉంది. 1870లో అతను చనిపోతే అంతిమయాత్రకు లక్షమందికి పైగా వచ్చారని చెబుతారు. గని కార్మికులు తమలో ఒకణ్ని అంతగా నెత్తిన పెట్టుకున్నారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 1879లో ఇంగ్లండ్‌లోనే మరో పడవ పోటీ అయిన హెన్లీ రెగట్టా నిర్వాహకులు ఒక నిబంధన రాసుకున్నారు. కూలికి పనిచేసే మెకానిక్, చేతివృత్తిదారు, కార్మికుడు అమెచ్యూర్ పోటీలకు అనర్హుడన్నారు. ఒళ్లొంచి పనిచేసేవాడి కండబలం ముందు తాము నిలవలేమన్న భయం, వాళ్ల పక్కన కూర్చోలేమన్న అహంకారం రెండూ అందులో ఉన్నాయి. 1920లో అమెరికాకు చెందిన రోయర్ జాన్ కెల్లీని హెన్లీలో అడుగు పెట్టనివ్వలేదు. చూపిన కారణాల్లో అతను తాపీపని చేశాడన్నది ఒకటి. అదే ఏడాది అతను ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. హెన్లీ నిబంధన మాత్రం 1937 దాకా పోలేదు.

మన దగ్గర అలాంటి రాతపూర్వక నిషేధం లేదు. అయినా తెలంగాణలో పడవ పోటీలంటే చాలాకాలం హుస్సేన్‌సాగర్, సైన్యం, క్లబ్బులే. ఆ గీతను కొంత చెరిపినవాళ్లూ ఉన్నారు. సుహైమ్ షేక్ మొదలుపెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకు సెయిలింగ్ నేర్పుతోంది. అక్కడ ఎదిగిన కొంగర ప్రీతి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో దేశం తరఫున బరిలోకి దిగింది. కానీ హైదరాబాద్‌కు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న గోదావరిఖని పిల్లకు ఆ సాగర్ ఎలా అందుతుంది?

నదీ సంప్రదాయాలు మనకూ ఉన్నాయి. ముక్కోటి ముందు రోజు భద్రాచలంలో హంసవాహనం మీద రామయ్య విహరిస్తాడు. ధర్మపురి కోనేట్లో నరసింహస్వామికి తెప్పోత్సవం చేస్తారు. వాటిలో జనం గట్టున నిలబడి దండం పెట్టుకుంటారు. తెడ్డు పట్టే పండుగ కేరళది. అక్కడ పాము పడవలో దాదాపు వందమంది ఒకే లయలో తెడ్డేస్తారు, ఊరు ఊరంతా ఆ పడవకు చందా వేస్తుంది. ఈమధ్య సంక్రాంతికి కోనసీమలోని ఆత్రేయపురం కాలువలోనూ అలాంటి పందేలు పెట్టారు. మంచిదే. అయితే మూడు రోజుల సంబరంతో క్రీడాకారులు తయారుకారు.

క్రీడాకారుల్ని తయారుచేసేది సంస్థ. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రోయింగ్ సింగిల్ స్కల్స్ స్వర్ణం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్‌ది ఎడారి రాష్ట్రమైన రాజస్థాన్‌లోని సీకర్ జిల్లా. సైన్యంలో చేరాకే అతను తెడ్డు పట్టాడు. హాంగ్‌ఝౌలో మన రోయర్లు తెచ్చిన ఐదు పతకాల వెనకా ఎక్కువగా సైన్యమే ఉంది. నీళ్లే లేని ఊళ్ల కుర్రాళ్లు అంత చేస్తే, గోదారి ఒడ్డున, మూడు షిఫ్టుల కష్టం చూస్తూ పెరిగిన పిల్లలు చేయలేరా? సింగరేణికి క్రీడల కోసం డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ అనే సంఘం ఉంది. మైదానాలున్నాయి, కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ జట్లను నడిపిన అనుభవం ఉంది. ఆ వరుసలో రోయింగ్ చేరాలి.

నీళ్ల సంగతీ సూటిగా మాట్లాడుకోవాలి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక సుందిళ్ల బ్యారేజీలోనూ నీళ్లు నిలపడం మానేశారు. కాబట్టి గోదావరిఖని వంతెన కింది నీటిని నమ్ముకోలేం. ఎల్లంపల్లినే నమ్ముకోవాలి. అంతర్జాతీయ ప్రమాణాల పందేనికి రెండు వేల మీటర్ల తిన్నని నీటి దారి చాలు. రోయింగ్ పడవకు ఇంజన్ ఉండదు, చుక్క నీరు ఖర్చు కాదు. చేపలు పట్టే కుటుంబాలతో ముందే కూర్చుని, వలల జోలికి పోని హద్దులు గీయాలి. రక్షణ పడవలు నడిపే ఉద్యోగాలు వాళ్లకే ఇవ్వాలి.

స్కాట్లాండ్‌లో బోత్‌వెల్‌హా అనే గని కార్మికుల ఊరిని 1960ల్లో కూల్చేశారు. ఇప్పుడు ఆ చోట స్ట్రాత్‌క్లైడ్ సరస్సు ఉంది. 1986 కామన్వెల్త్ క్రీడల రోయింగ్ అందులోనే జరిగింది. జర్మనీలో బొగ్గు తవ్వేసిన గోతిని నింపి చేసిన జెన్ఫ్‌టెన్‌బెర్గ్ సరస్సు 1973 నుంచి జనానికి అందుబాటులో ఉంది. మన ఓపెన్‌కాస్టు గోతుల గురించీ ఇలా ఆలోచించవచ్చు, గట్లు నిలకడగా ఉన్నాయని తేలాకే. ఎల్లంపల్లి కింద ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలకు మాత్రం తొలి బ్యాచ్‌లోనే చోటివ్వాలి. ఆ నీటి మీద మొదటి హక్కు వాళ్లదే.

ఒక భయం నాకూ ఉంది. మన అధికారులకు జలక్రీడలంటే రంగుల బోట్లు, టికెట్ కౌంటరు, సెల్ఫీ పాయింటు గుర్తొస్తాయి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి యాభైమందికి పైగా చనిపోయిన దుఃఖం ఇదే గోదావరిది. అందుకే మొదట ఈత నేర్పాలి, తర్వాతే తెడ్డు. లైఫ్‌జాకెట్ లేకుండా ఒక్కరూ పడవ ఎక్కకూడదు. ఈ బాధ్యత మోయగల రెస్క్యూ బృందాలు సింగరేణికి ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలినప్పుడు లోపలికి దిగినవాళ్లలో వాళ్లున్నారు. ఈ శిక్షణతో ఇంకో మేలూ ఉంది. 2022 జులై వరదలో చెన్నూరు మండలం సోమన్‌పల్లి దగ్గర వాటర్ ట్యాంకు ఎక్కిన ఇద్దరిని కాపాడటానికి హెలికాప్టర్ రావాల్సి వచ్చింది. పడవ నడపడం వచ్చిన యువకులు ప్రతి నదీతీర గ్రామంలో ఉంటే వరదల వేళ ఎంత ఆసరా!

దీనికి వేల కోట్లు అక్కర్లేదు. కొన్ని శిక్షణ పడవలు, ఒక షెడ్డు, ఇద్దరు ముగ్గురు కోచ్‌లు, ఒక ఈతకొలను చాలు. సింగరేణి సామాజిక బాధ్యత నిధులు, జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు (డీఎంఎఫ్‌టీ) డబ్బు బొగ్గు తవ్విన నేల మీది మనుషుల కోసమే ఉన్నాయి. సింగరేణి యాజమాన్యం, పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల కలెక్టర్లు ఒకచోట కూర్చోవాలి. డిసెంబరు 23న జరిగే సింగరేణి దినోత్సవం నాటికి మొదటి బ్యాచ్ పిల్లల పేర్లు ప్రకటించాలి. వాళ్లలో సగంమంది ఆడపిల్లలు ఉండాలి. కాంట్రాక్టు కార్మికుల పిల్లలనూ పర్మినెంట్ కార్మికుల పిల్లలతో సమానంగా తీసుకోవాలి. కార్మిక సంఘాలు ఈ కోరికను తమ డిమాండ్ల పత్రంలో చేర్చాలి.