నసీబ్‌ని కాదు, తరీఖాని మార్చండి

కిర్గిజ్‌స్తాన్, జార్జియా, ఫిలిప్పీన్స్ వెళ్లి డాక్టరీ చదివొచ్చిన పిల్లలు మన మొహల్లాల్లోనూ ఉన్నారు. గోడమీద డిగ్రీ ఉంటుంది, చేతిలో లైసెన్స్ ఉండదు. ఎఫ్‌ఎంజీఈ ఒకసారి పోయింది, రెండోసారి పోయింది, నాలుగోసారీ పోయింది. ఇక ఇంట్లో ఫత్వాలు మొదలు. 'నసీబ్‌లో లేదు' అంటుంది అమ్మీ. 'నజర్ తగిలింది' అంటుంది ఖాలా. 'కావాలనే ఫెయిల్ చేస్తున్నారు' అంటాడు చాచా. నేనంటాను, ఈ మూడు మాటలూ పిల్లల చేతిలోంచి పుస్తకం లాగేసేవే.

పరీక్ష ఏమిటో ముందు చూడండి. 300 ప్రశ్నలు. రెండు భాగాలు, ఒక్కోదానికి 150 నిమిషాలు. 150 మార్కులొస్తే పాస్. తప్పు జవాబుకి కోత లేదు. ర్యాంకు లేదు, సీట్ల లెక్క లేదు, పక్కవాడితో ముకాబలా లేదు. అయినా చాలాసార్లు నూటికి ముప్పై మంది కూడా గట్టెక్కడం లేదు. అక్కడి పేషెంట్ల జబాన్ రాక వార్డులో నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదు, ఏజెంట్లు ఆశ చూపి పంపారు అంటారా? ఆ షికాయత్ నిజమే. కానీ షికాయత్‌కి మార్కులు పడవు.

మనవాళ్లు చేస్తున్నదేమిటి? ఫెయిలైన ప్రతిసారీ కోచింగ్ మారుస్తారు, మళ్లీ ఫీజు, మళ్లీ ఖర్జా. మళ్లీ అనాటమీ మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు. అనాటమీకి వచ్చేవి 17 మార్కులు. మెడిసిన్ 33, సర్జరీ 32, గైనిక్ 30, కమ్యూనిటీ మెడిసిన్ 30. ఈ నాలుగే 125. పిల్లలు, కన్ను, ఈఎన్‌టీ తలా 15 కలిపితే 170. అక్కడికి చేరేసరికి పరీక్ష తేదీ వచ్చేస్తుంది, ఓపిక అయిపోతుంది. దీన్ని మెహనత్ అనకండి. మెహనత్‌కి హిసాబ్ ఉండాలి.

ఇంకో ధోకా ఉంది. అదే వీడియో మూడోసారి చూస్తే, అదే నోట్సు నాలుగోసారి తిరగేస్తే అంతా వచ్చినట్టే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులతో ఒక పాఠం చదివించారు. కొందరు దాన్నే మళ్లీ చదివారు. కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే పుస్తకం మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

ఇది మనకి కొత్త సంగతా? హిఫ్జ్ చేసే పిల్లాణ్ణి చూడండి. రోజూ కొత్త సబఖ్, దానితోపాటు నిన్నమొన్నటి సబ్ఖీ, ఆపైన పాత మంజిల్. చూసి చదివితే ఉస్తాద్ ఒప్పుకోడు, చూడకుండా వినిపించాలి. తప్పుపోయిన చోట ఆపుతాడు, మర్నాడు మళ్లీ అక్కడే అడుగుతాడు. 'హిఫ్జ్ అంటే బట్టీ, డాక్టరీ అంటే అర్థం చేసుకోవడం' అని మీరు అనొచ్చు. అర్థం చేసుకోవడం తప్పదు. కానీ అర్థమైంది గుర్తుందో లేదో రోజూ అడిగి చూసుకునే తరీఖా రెండింటికీ ఒకటే. పదేళ్ల పిల్లాడికి ఉన్న ఆ నిజామ్ పాతికేళ్ల డాక్టరుకి ఎందుకు లేదు?

కాబట్టి రోజూ పుస్తకం మూసి యాభై ప్రశ్నలు చేయండి. తప్పైన ప్రతి ప్రశ్నా ఒక కాపీలో ఎక్కించి పక్కన కారణం రాయండి. అసలు తెలియదా, తెలిసి మరిచిపోయారా, ప్రశ్న సరిగా చదవలేదా? మూడింటికీ ఇలాజ్ వేరు. ఆ తప్పులే మూడో రోజు, వారానికి, నెలకి తిరిగి చేయండి. వారానికోసారి పూర్తి 300 ప్రశ్నలు గడియారం పెట్టుకుని రాయండి. కోత లేని పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి. మాక్‌లో 110 దాటనివాళ్లు, 140 దగ్గర ఆగిపోయేవాళ్లు ఒకేలా చదవడం బేకార్. మొదటివాళ్లకి పెద్ద సబ్జెక్టుల పునాదే లేదు. రెండోవాళ్లకి కావాల్సింది తప్పుల కాపీ.

ఇప్పుడు పెద్దవాళ్లతో ఒక మాట. కొడుక్కి నాలుగు ఛాన్సులిచ్చి, కూతురికి రెండోసారి పోగానే రిష్తాలు చూడటం ఏం ఇన్సాఫ్? దావత్‌లో పదిమంది ముందు 'ఇంకా పాస్ కాలేదా బేటా' అని తానా కొట్టడం ఏం హమ్‌దర్దీ? టెలిగ్రామ్‌లో పేపర్ ఇస్తామనేవాడికి లక్షలు పొయ్యడం, రిజిస్ట్రేషన్ లేకుండానే నర్సింగ్ హోంలో నైట్ డ్యూటీకి కూర్చోబెట్టడం తోడ్పాటు కాదు, తబాహీ. ఈ పరీక్ష పాసవకుండానే రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లలో పేరెక్కించుకున్నారని 2022 డిసెంబర్‌లో సీబీఐ 73 మంది మీద కేసు పెట్టింది. అక్కడ పోయేది ఇజ్జత్ ఒక్కటే కాదు. లైసెన్స్ లేని చేతుల్లో పడ్డ మరీజ్ జాన్ సంగతేంటి?

దువా చేయండి, ఎవరూ వద్దనరు. చేశాక రాత్రి అరగంట మీ బిడ్డ ఎదురుగా కూర్చుని ఆ తప్పుల కాపీ తెరిచి ప్రశ్నలు అడగండి. మీకు డాక్టరీ రానక్కర్లేదు, జవాబు ఆ పక్కనే రాసి ఉంటుంది.