ఏడిపించే పాటా... ఏడుపుగొట్టు పాటా?

పాటంటే చెవి కోసుకునే పాఠకులకు ఈ వారం ఒక చిక్కు ప్రశ్న. పాట ఒకటే. ఒకడు వింటూ కళ్ళు తుడుచుకుంటాడు. పక్కనున్నవాడు "అబ్బ, కట్టెయ్యరా బాబూ ఆ ఏడుపు!" అంటాడు. ఇద్దరి చెవులూ బాగానే పనిచేస్తున్నాయి. మరి తేడా ఎక్కడొచ్చినట్టు?

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు లెండి. హాల్లో విషాదగీతం మొదలవగానే సోడా కోసం లేచిపోయేవాళ్ళూ, అదే పాటకి జేబులోంచి రుమాలు తీసేవాళ్ళూ ఒకే వరసలో కూర్చుంటారు. అయితే ఈ వారం మన పాట సినిమాది కాదు, మన దేశానిదీ కాదు. అమెరికాది. పేరు 'ఎవ్రీబడీ హర్ట్స్'. బాధన్నది అందరికీ ఉండేదేనని దాని భావం.

పాడింది ఆర్.ఇ.ఎం. అనే బృందం. జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే కాలేజీ ఊళ్ళో 1980లో నలుగురు కుర్రాళ్ళు కలిసి పెట్టుకున్నారు. గాయకుడు మైకేల్ స్టైప్, గిటార్ పీటర్ బక్, బేస్ గిటార్ మైక్ మిల్స్, డ్రమ్స్ బిల్ బెర్రీ. పెద్ద రేడియోలు పట్టించుకోని రోజుల్లో కాలేజీ రేడియోల పుణ్యమా అని పైకొచ్చిన ఆల్టర్నేటివ్ రాక్ బృందాల్లో వీళ్ళది ముందు వరస. 1992 అక్టోబరులో 'ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్' అనే ఆల్బమ్ తెచ్చారు. అందులోదే ఈ పాట. 1993లో విడిగా కూడా విడుదలైంది.

అప్పటి వాతావరణం గుర్తు చేసుకోండి. అంతకు ముందు ఏడాదే 'నిర్వాణా' బృందం గిటార్ల మోతతో లోకాన్ని ఊపేసింది. కుర్రకారంతా ఆ హోరులో ఉంటే వీళ్ళు గొంతు తగ్గించి, ఒక్కొక్క తీగే మీటుతూ, ఊయల ఊపినట్టు ఐదు నిమిషాలకు పైగా పాడారు!

ఇంకో తమాషా ఏమిటంటే, ఈ పాటకి మూలం డ్రమ్స్ వాయించే బెర్రీయే. ఆయన తెచ్చినప్పుడు అది ఒక నిమిషం పల్లెపాటలా ఉందట. నలుగురూ నాలుగు రకాలుగా ప్రయత్నించి, చివరికి ఓటిస్ రెడ్డింగ్ పాడే పాత సోల్ పాటల బాణీకి మళ్ళించారు. తీరా రికార్డయ్యాక పాట మొదలయ్యేది బెర్రీ చేతి దెబ్బతో కాదు, డ్రమ్ మెషీన్ టిక్కుటిక్కుతో. పాట కోసం డ్రమ్మరే డ్రమ్స్ పక్కన పెట్టాడన్నమాట! వయొలిన్ల కూర్పు చేసిందేమో లెడ్ జెప్పెలిన్ బృందపు జాన్ పాల్ జోన్స్. మోతకి పెట్టింది పేరైన బృందంలో మనిషి చేత ఇంత మెత్తని పని చేయించారు.

ఇక తగాదా సంగతికి వద్దాం.

నచ్చనివాళ్ళ మాట ముందు విందాం. ఆర్.ఇ.ఎం. పాత అభిమానులే ఇందులో ఎక్కువ. అసలు ఆ బృందానికి పేరొచ్చిందే మాటలు సరిగ్గా అర్థం కాకపోవడం వల్ల! 1983లో వచ్చిన మొదటి ఆల్బమ్ 'మర్మర్'లో స్టైప్ ఏం గొణిగాడో పట్టుకోవడమే అభిమానులకి ఒక సరదా. అలాంటివాళ్ళు ఇంత విడమర్చి, ఇంత సూటిగా, దిగులుపడకు ఓర్చుకో అని పాడితే ఎలా? పొడుపుకథ చెప్పే తాతయ్య ఉన్నట్టుండి నీతిబోధ మొదలెట్టినట్టుందని వాళ్ళ బాధ. పైగా సాగదీత. ఆపైన వయొలిన్లు. ఏడవండి అని మెడ పట్టుకుని అడిగినట్టుందని వీళ్ళ తీర్పు.

నచ్చినవాళ్ళకి ఈ సూటిదనమే ప్రాణం. పీటర్ బక్ దీనికి ఇచ్చిన సంజాయిషీ కూడా అదే. ఈ పాట హైస్కూలు పిల్లల కోసం, అందుకే మాటలు అంత తేలిగ్గా పెట్టామన్నాడు. నిజమే కదా! గుండె బరువెక్కి కూర్చున్న పదహారేళ్ళ పిల్లాడి ముందు పొడుపుకథ పెడతామా?

వీడియోతో తగాదా ఇంకా ముదిరింది. సినీప్రియులకి ఇది మరీ ఇష్టమైన భాగం. దర్శకుడు జేక్ స్కాట్, 'ఏలియన్' తీసిన రిడ్లీ స్కాట్ కొడుకు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో పెద్ద రోడ్డు మీద ట్రాఫిక్ జామ్. కార్లలో ఇరుక్కుపోయినవాళ్ళ మనసులో మాటలు తెర మీద అక్షరాలుగా పడుతుంటాయి. చివరికి అందరూ కార్లు వదిలేసి దిగి నడుచుకుంటూ వెళ్ళిపోతారు. ఇటలీ దర్శకుడు ఫెల్లినీ 1963లో తీసిన 'ఎయిటండ్ హాఫ్' మొదటి సీను చూసినవాళ్ళు ఈ పోలిక ఇట్టే పట్టేస్తారు.

1994 సెప్టెంబరులో న్యూయార్కులో ఎంటీవీ బహుమతుల సభ. ఉత్తమ దర్శకత్వం బహుమతి ఈ వీడియోకే వచ్చింది. స్టైప్ స్టేజీ మీద ఉండగానే, స్విట్జర్లాండ్ పల్లెటూరి వేషంలో ఒక పెద్దమనిషి పైకెక్కి, ఇదంతా అన్యాయమని గోల పెట్టాడు! ఆయన ఎవరో కాదు, బీస్టీ బాయ్స్ బృందపు ఆడం యాక్. పోలీసు సీరియళ్ళని వెక్కిరిస్తూ తీసిన తమ 'సాబటాజ్' వీడియోకి రావాల్సింది వీళ్ళకి పోయిందని ఆయన కడుపుమంట. ఆ రాత్రి ఆర్.ఇ.ఎం. వీడియోకి నాలుగు బహుమతులు, 'సాబటాజ్'కి సున్న. పదిహేనేళ్ళ తర్వాత 2009లో, అప్పట్లో రావాల్సిన బహుమతి ఇదిగో అంటూ ఎంటీవీ వాళ్ళు 'సాబటాజ్'ని పిలిచి మరీ సత్కరించారు. చూశారా, తగవు ఎన్నాళ్ళు నడిచిందో!

ఈ మధ్యలో పాట తన దారిన తాను పోయింది. 1995లో ఇంగ్లండులో 'సమారిటన్స్' అనే సంస్థ, చావు ఆలోచనలొచ్చే యువకులు సాయం అడగడానికి కూడా ముందుకు రావడం లేదని దిగులుపడి, పత్రికల్లో ఒక ప్రకటన వేసింది. అందులో ఉన్నవి రెండే... ఈ పాట మాటలు, తమ ఫోన్ నంబరు. 2010లో హైతీ భూకంప బాధితుల కోసం పేరున్న గాయకులంతా కలిసి ఇదే పాట మళ్ళీ పాడితే ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్ళింది. అసలు పాట అక్కడ ఏడో స్థానం దాటలేదు, అమెరికాలో ఇరవైతొమ్మిది!

ఇంతకీ నేనే పక్షం అంటారా? చెబుతాను, తిట్టకండి.

2008 ప్రాంతంలో హైదరాబాదులో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేవాణ్ణి. గదిలో ఒక పాత కంప్యూటరు, రెండు బుల్లి స్పీకర్లు. నా రూమ్మేటు రాత్రి పన్నెండు దాటాక ఈ పాట పెట్టేవాడు. ఒకసారి కాదు, మూడేసి నాలుగేసి సార్లు. ఓ రోజు గది నిండా స్నేహితులుండగా, "ఒరేయ్, ఈ పాట వింటే ఫస్టు క్లాసువాడు కూడా ఫెయిలైపోతాడ్రా!" అన్నాను. అంతా పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు. మర్నాటి నుంచి స్పీకర్లు మూగబోయాయి. నా జోకు పేలిందని మురిసిపోయాను.

పదేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో కలిశాడు. భోజనాలయ్యాక కిళ్ళీ నములుతూ మామూలుగా చెప్పుకొచ్చాడు. ఆ నెలలో వాడికి మూడు సబ్జెక్టులు పోయాయట. ఇంట్లో చెప్పలేదు. నిద్ర లేదు. మనసులోకి రాకూడని ఆలోచనలన్నీ వచ్చేవట.

"నువ్వా మాటన్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను, అంతే" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"అయితే ఆ పాటే నిన్ను కాపాడిందంటావా?" అన్నాను.

"ఛ, పాటలు కాపాడతాయేమిట్రా! ఒక రాత్రి అది అయిపోయాక అక్కకి ఫోన్ చేశా. అక్క పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది. పాట చేసిందల్లా, ఫోన్ చేసేదాకా నన్ను కూర్చోబెట్టడమే."

ఆ రాత్రి ఇంటికొచ్చి పాట మళ్ళీ విన్నాను. నిజం చెప్పాలంటే, ఆ వయొలిన్లు నాకు ఇప్పటికీ కాస్త ఎక్కువే అనిపిస్తాయి. నచ్చకపోవడం నా హక్కు, దాన్ని వదులుకోను. కానీ ఆ ఉత్తరం నా పేరున రాలేదు. పక్క మంచం వాడి పేరున వచ్చింది. వాడు చదువుకుంటుంటే పైనుంచి తొంగిచూసి, రాత బాగోలేదని వెక్కిరించానన్నమాట. ఆ పాట మీద తగాదా పడేవాళ్ళలో సగంమంది అలా పక్కవాడి ఉత్తరం చదివేవాళ్ళేనని నా అనుమానం.

కనుక హాస్టలు పాఠకులకు ఒక మనవి. మీ గదిలో ఎవరైనా ఒకే దిగులు పాట పదేపదే పెడుతుంటే, కట్టెయ్యమనే ముందు "ఏమైందిరా?" అని ఒక్క మాట అడగండి. ఏమీ కాలేదంటే అప్పుడు కట్టించెయ్యొచ్చు! అయిందంటే దగ్గర కూర్చోండి, ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేయించండి. ఇంట్లో చెప్పుకోలేనివాళ్ళకి ప్రభుత్వం వారి టెలిమానస్ ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు.

మీరు వెక్కిరించి, తర్వాత నాలిక్కరుచుకున్న పాట ఏదైనా ఉంటే రాసి పంపండి. వచ్చేవారం మరో పాట, మరో తగాదాతో కలుద్దాం!