తండ్రిమాటయు మిత్రుని ప్రాణమును

డిచ్‌పల్లి గుట్టమీఁది రామాలయమును సేవించి దిగివచ్చు తల్లిదండ్రులు బిడ్డలకుఁ జెప్పు నీతి యొకటి కలదు: “రాముఁడు తండ్రిమాట దాఁటలేదు, నీవును దాఁటకుము.” ఈ నీతి సగమే సత్యము. మిగిలిన సగమును దాఁచుటచేతనే మన యిండ్లలో నన్యాయము మర్యాదగాఁ జెల్లుచున్నది.

రాముఁడు తండ్రిమాటకై విడిచినది తన రాజ్యము. ఒరుని సొత్తు గాదు. వెంటరాఁదలఁచిన సీతాలక్ష్మణులను సైతము మొదట వలదనియే వారించెను. నిరపరాధి నొకని బలియిచ్చి తండ్రిని దృప్తిపఱచుట రామధర్మ మెట్లగును? పెద్దలే తప్పు చేసినపుడు చూడవలసినది భరతుని. తల్లి తనకై సంపాదించిన సింహాసనమును ద్రోసివైచి, నిర్దోషి యగు నన్నకొఱ కాతఁడు తల్లినే నిందించెను. వాల్మీకి యాతనిని మాతృద్రోహి యనలేదు.

యూదుల గ్రంథమునను నిట్టి కథయే కలదు. సౌలు రాజు దావీదును జంప నిశ్చయింపఁగా, రాజకుమారుఁడగు యోనాతాను తండ్రి యెదుట నిలిచి, మిత్రుఁడు చేసిన నేరమేమని యడిగెను. తండ్రి కొడుకుపైనే యీఁటె విసరెను. దావీదు చచ్చినచో రాజ్యము తనకే దక్కునని యెఱిఁగియు యోనాతాను వానిని దప్పించెను. అయినను దండ్రిని విడువలేదు. గిల్బోవ యుద్ధమునఁ దండ్రితోడనే మడిసెను. మిత్రుని గాచుట తండ్రిని ద్వేషించుట గాదు.

ఇవి పాతకథ లనువారు మిర్యాలగూడను దలఁచుకొందురు గాక. 2018 సెప్టెంబరు 14న నచట నొక దళిత యువకుఁడు, గర్భవతి యగు భార్యతో నాసుపత్రినుండి వెలువడుచుండఁగా నఱకఁబడెను. చదువుకొను నాఁటి స్నేహితురాలిని, అన్యకులజను, బెండ్లాడుటయే యాతఁడు చేసిన పని. ధనవంతుఁడగు తన తండ్రియే ప్రధాన నిందితుఁ డైనను నామె వెనుదీయలేదు. విచారణ ముగియకమునుపే, 2020లో, ఆ తండ్రి మరణించెను. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థాన మొకనికి మరణశిక్షను, ఆర్గురికి యావజ్జీవ కారాగారమును విధించెను. కన్నతండ్రిని రచ్చకీడ్చిన దని యామెను దూషించినవారు, హతుని కన్నవారి నొక్కమాఱైనఁ దలంచిరా?

మన బోధను చెఱకుసీమలో ఆసామి కొడుకును గూలివాని కొడుకును నొకే బడిలోఁ గూర్చుందురు. ఇంట సొమ్ము కానరాక, ఆసామి కూలివాని కొడుకుపైఁ గఱ్ఱ యెత్తె ననుకొనుఁడు. నేరము వానిది కాదని తెలిసియు నింటిబిడ్డ తలవంచి నిలిచినచో, మనము దానిని వినయ మందుము. అది పిఱికితనము, దానిని నేర్పినవారము మనమే. చదువరులారా, “వాఁడేమి చేసెను?” అని యడుగు బిడ్డను గద్దింపకుఁడు. ఆ ప్రశ్న విని కఱ్ఱ దించిన తండ్రికి గౌరవహాని లేదు. నిరపరాధి వీఁపునకు దెబ్బయు లేదు.