వృత్తివిద్య నుంచి సైన్సు చదువుకు దారి ఉంది

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మన సంఘాల్లో కొన్ని ఇళ్లలో కృతజ్ఞతా కూడికలు జరుగుతాయి. మరికొన్ని ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. ఫీజు కట్టలేక సీఈసీలోనో, ఒకేషనల్ కోర్సులోనో చేరిన పిల్లలకు ‘ఇక నీకు సైన్సు చదువు లేదు’ అని పెద్దలమే తీర్పు చెప్పేస్తున్నాం. ఆ తీర్పు సరైనది కాదు.

వృత్తివిద్యను తక్కువగా చూడడం దేశమంతటా ఉన్న జబ్బే. 19-24 ఏళ్ల శ్రామికుల్లో పద్ధతి ప్రకారం వృత్తివిద్య పొందినవారు మన దేశంలో 5 శాతం లోపేనని, జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం ఉన్నారని 2020 జాతీయ విద్యా విధానం పేర్కొంది. ఒకేషనల్ చదివినవారికి పై చదువులకు స్పష్టమైన దారి లేకపోవడం ఇందుకు ఒక కారణమని ఒప్పుకొంది. 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య పరిచయం కావాలని లక్ష్యం పెట్టుకుంది. గడువు దాటింది. మన బస్తీల్లో, పల్లెల్లో ఉన్న దారులు కూడా చాలామందికి తెలియవు.

ఉన్న దారులేమిటి? ఒకేషనల్ ఇంటర్ విద్యార్థులకు ఇంటర్ బోర్డు బ్రిడ్జి కోర్సు పరీక్షలు పెడుతుంది. సైన్సు, గణితం సబ్జెక్టుల్లో అవి పాసైతే పై చదువులకు అర్హత వస్తుంది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమా చదివినవారు ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఆర్ట్స్ గ్రూపుతో ఇంటర్ చదివిన అమ్మాయి కూడా రెండేళ్ల ఏఎన్ఎం గానీ మూడేళ్ల జీఎన్ఎం గానీ చదవవచ్చు. జీఎన్ఎం తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్, ఆపై ఎమ్మెస్సీ ఉన్నాయి. ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తూ చదువు ఆగిపోయిందనుకుంటున్న చెల్లెళ్లు ఈ సంగతి వినాలి.

అయితే ఇది సులువైన దారి అని మేము చెప్పడం లేదు. బ్రిడ్జి కోర్సుకు విడిగా ఫీజు కట్టి, విడిగా పరీక్ష రాయాలి. ఆ విషయం సమయానికి తెలియక అర్హత పోగొట్టుకునే ప్రమాదం ఉంది. డిప్లొమా నుంచి బీటెక్‌కు వెళ్లినవారికి గణితం, ఇంగ్లీషు భారమవుతాయి. గుర్తింపు లేని పారామెడికల్ సంస్థల ప్రకటనలు నమ్మితే డబ్బూ, ఏళ్లూ పోతాయి. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో కేంద్రం ప్రత్యేక చట్టం చేసింది గనుక గుర్తింపు, రిజిస్ట్రేషన్ చూడకుండా ఎక్కడా చేర్పించకూడదు.

ఈ పాఠం క్రైస్తవ సంఘానికి కొత్త కాదు. వేలూరులో ఐడా స్కడర్ 1903లో కాంపౌండర్లకు, 1909లో నర్సులకు శిక్షణ మొదలుపెట్టారు. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరిచారు. అది 1942లో ఎంబీబీఎస్ కళాశాల అయింది. 1946లో అక్కడే నర్సింగ్ డిగ్రీ వచ్చింది. చేతిపని నేర్పడంతో మొదలైన బడి విజ్ఞానానికి ఆలయమైంది.

ప్రత్యక్షగుడారపు పనికి దేవుడు బెసలేలును పిలిచి, ఆత్మతో నింపినది కేవలం ప్రార్థన చేయడానికి కాదు. లోహాన్ని, రాతిని, కర్రను మలిచే నేర్పు కోసం. పౌలు డేరాలు కుట్టాడు. మన ప్రభువును వడ్లవాడని పిలిచారు. చేతిపనిని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు.

కాబట్టి సంఘకాపరులను, యవ్వనస్థుల నాయకులను మేము కోరేది ఇది. సెలవుల్లో ఒక ఆదివారం ఆరాధన తర్వాత గంటసేపు విద్యా సలహాకు కేటాయించండి. సంఘంలో ఉన్న నర్సులను, ల్యాబ్ టెక్నీషియన్లను, పాలిటెక్నిక్ ఉపాధ్యాయులను పిల్లల ముందు కూర్చోబెట్టండి. దరఖాస్తుల చివరి తేదీలు నోటీసు బోర్డు మీద పెట్టండి. కానుకల్లో కొంత భాగం బ్రిడ్జి పరీక్ష ఫీజులకు వాడండి. దారి తెలియక ఆగిపోయిన ఒక్క బిడ్డను మళ్లీ చదువులో నిలబెట్టినా ఆ ఇంటి తరమే మారుతుంది.